రెండు ఓట్లు, ఒకే పెత్తనం

2019లో శ్రీకాకుళం లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లలో ఐదు వైఎస్సార్ కాంగ్రెస్‌కు పోయాయి. ఎంపీగా మాత్రం తెలుగుదేశం అభ్యర్థి కింజరాపు రామ్మోహన్ నాయుడు నెగ్గారు. దీన్ని 'క్రాస్ ఓటింగ్' అని, డబ్బు మాయ అని, జనం తికమక అని కొట్టిపారేసే విశ్లేషణలతోనే మాకు పేచీ.

పక్క జిల్లా గరివిడి దళితవాడలోంచి చూస్తే లెక్క వేరు. ఇంటిస్థలం, పింఛను, రేషన్‌కార్డు అంటే ఎమ్మెల్యే మనుషుల గుమ్మం ఎక్కాలి. ఎంపీ ఎక్కడో ఢిల్లీలో ఉంటాడు. ఒక ఓటు అవసరానికి, ఇంకో ఓటు ఇష్టానికి వేయడం తెలివితక్కువా? అలా అనడం అగ్రకుల అహంకారం.

అలాగని దీన్నే దళిత చైతన్యమని పొంగిపోలేం. 1932 కమ్యూనల్ అవార్డు మనకు రెండు ఓట్లిచ్చింది. ఒకటి మనవాణ్ణి మనమే ఎన్నుకోడానికి, రెండోది సవర్ణ అభ్యర్థి కూడా మనకు జవాబు చెప్పుకునేలా చేయడానికి. ఆ రెండో ఓటు విలువ అంబేద్కర్‌కు తెలుసు. అదే ఏడాది పూనా ఒప్పందం సీట్లు పెంచి, ఆ రెండు ఓట్ల హక్కును తీసేసింది.

ఇప్పుడు గరివిడి ఓటరు చేతిలోనూ రెండు ఓట్లున్నాయి. కానీ చీపురుపల్లి అసెంబ్లీ, విజయనగరం లోక్‌సభ రెండూ జనరల్ సీట్లే. జెండా మారుస్తాం, గుర్తు మారుస్తాం. అభ్యర్థిని నిలబెట్టే చెయ్యి మారదు. ఓటు ఎందుకు చీలిందని కాదు, టిక్కెట్టు ఎవరు పంచుతున్నారని అడగాలి.