నీళ్లు మోసే వేడి

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. అనకాపల్లి జిల్లా చీడికాడలో మా అక్కవాళ్ల మేడమీద గదిలో థర్మామీటరు 38 డిగ్రీలు చూపించింది. లక్షలు పోసి ఆటలకో కంప్యూటరు కట్టుకుందామంటే ముందు థర్మామీటరు కొనిపించానని మా మేనల్లుడికి విసుగు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ రెండేళ్ల జీతంలో దాచుకున్న డబ్బు వాడిది. చేతిలో చిట్టా సిద్ధంగా ఉంది: ఏ రంగు నీళ్లు, ఎలాంటి గాజు గొట్టాలు, ఏ మూల ఏ లైటు వెలగాలి అన్నీ రాసుకున్నాడు. వేడి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. కొత్త కాగితం తీసి మొదటి వరసలో 38 అని రాయమన్నాను. చిప్పులను నీళ్లతో చల్లబరిచే వాటర్ కూలింగ్‌లో తక్కిన లెక్కలన్నీ ఆ అంకె మీదే నిలబడతాయి.

"నీళ్లూ కరెంటూ ఒకే పెట్టెలో ఏట్రా తమ్ముడూ?" అంది అక్క. భయపడాల్సిన మాటే. కానీ ఈ విద్య నిన్నమొన్నటిది కాదు. 1980లో ఐబీఎం తెచ్చిన 3081 అనే పెద్ద కంప్యూటరులో చిప్పుల వేడిని లాగేసింది నీళ్లే. ఇళ్లలోకి వచ్చింది మాత్రం తొంభైల చివర, కంపెనీల వల్ల కాదు, పట్టుదల ఉన్న కుర్రాళ్ల వల్ల. పాత కారులోంచి హీటర్ కోర్ ఊడదీసి రేడియేటర్‌గా పెట్టారు. చేపల తొట్టి మోటారును పంపు చేశారు. రాగి దిమ్మను తామే తొలిచి బ్లాకుగా ప్రాసెసర్ మీద బిగించారు. ఇప్పుడు అద్దాల పెట్టెల్లో తళతళలాడే భాగాల్లోనూ ఆ పుట్టుక కనిపిస్తుంది. అందరూ మెచ్చుకునే డీ5 పంపు, లైంగ్ కంపెనీ వేడినీళ్లను తిప్పడానికి చేసిన పంపుల వంశానిది. నల్లటి ఈపీడీఎం రబ్బరు గొట్టం కారు రేడియేటర్ గొట్టానికి తోబుట్టువు. ఫిట్టింగుల మీద ఉండే పావు అంగుళం 'జీ' మర, మన పెరట్లో కుళాయికి ఉండే అరంగుళం మర ఒకే బ్రిటిష్ పైపుల కొలతలోనివి. ప్లంబరు సంచీ, మెకానిక్ షెడ్డూ కలిసి కన్న విద్య ఇది. దీన్ని డబ్బున్నవాళ్ల అలంకారం అంటే నేను ఒప్పుకోను.

ఇక లెక్క. వాడు కోరుకున్న గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5090. దాని విద్యుత్ పరిమితి 575 వాట్లు. ప్రాసెసర్ రైజెన్ 7 9800ఎక్స్3డీ, 120 వాట్ల తరగతిది. రెండూ కలిపి దాదాపు 700 వాట్లు. కంప్యూటరు తాగిన కరెంటంతా చివరికి వేడిగానే తేలుతుంది. ఆట నడిచినంతసేపూ గదిలో 700 వాట్ల హీటరు వెలుగుతున్నట్టే. ఒక టన్ను ఏసీ గదిలోంచి తోడి పోయగలిగేది సుమారు 3,500 వాట్లు. అందులో ఐదో వంతు ఈ పెట్టెకే సరి. నీళ్లు పెట్టినా, గాలి పెట్టినా ఇందులో ఒక్క వాటూ తగ్గదు. నీళ్లు వేడిని చంపవు. చిప్పు దగ్గర ఎత్తుకుని రేడియేటర్ దాకా మోసుకెళ్తాయి. అక్కడ ఫ్యాను దాన్ని గదిలోకి ఊదుతుంది. అంతే.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మట్టికుండలో నీళ్లు గదికన్నా చల్లగా ఉంటాయి కదా, ఇవీ అలాగే అనుకుంటారు. కుండ గోడలోంచి చెమ్మ ఊరి ఆవిరవుతుంది, ఆ ఆవిరే వేడిని పట్టుకుపోతుంది. మన లూప్, అంటే నీళ్లు తిరిగే చుట్టు, నాలుగు వైపులా మూసేసి ఉంటుంది, ఆవిరికి దారి లేదు. అందుకని ఎన్ని రేడియేటర్లు తగిలించినా నీళ్లు గది వేడికి కిందకు దిగవు. దీనివల్ల ఒక మేలు కూడా ఉంది: గాలిలో తేమ ఎంతున్నా గొట్టాల మీద చెమ్మ పట్టదు.

ఆట నడుస్తున్నప్పుడు నీళ్లు గదికన్నా పది డిగ్రీలు మించకుండా చూసుకోవడం ఈ పనిలో మంచి పద్ధతి. 38కి పది కలిపితే 48. డీ5 పంపు 60 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పీఈటీజీ ప్లాస్టిక్ గొట్టాలను కూడా ఆ గీత దాటనివ్వకూడదు, మెత్తబడి ఫిట్టింగులోంచి జారతాయి. చలిదేశంలో గది 20 ఉంటుంది. అక్కడ రేడియేటర్ చాలక నీళ్లు ఇరవై డిగ్రీలు పైకెక్కినా 40 దగ్గర ఆగుతాయి. అదే తప్పు మన మేడమీద గదిలో చేస్తే 58. యూరప్ కుర్రాడి వీడియో చూసి అతను కొన్నవే కొనకూడదని నేను మొత్తుకునేది ఇందుకే.

నూరు వాట్లకు ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను చోటు అనేది చేతిలెక్క. 700 వాట్లకు ఏడు ఫ్యాన్లు కావాలి. వాడు ముచ్చటపడిన పెట్టెలో పైన మూడు, పక్కన మూడు పడతాయి, ఏడోదానికి చోటు లేదు. పెట్టె మారుస్తానన్నాడు. అక్కర్లేదు, కార్డు పరిమితిని 450 వాట్లకు దించు అన్నాను. 450, 120 కలిపితే 570, ఆరు ఫ్యాన్లలో సరిపోతుంది. కరెంటు తగ్గించిన దామాషాలో వేగం పడిపోదు. ఆటలో చిన్న తేడా ఉంటుంది, గదిలో పెద్ద తేడా తెలుస్తుంది.

నీళ్ల దారిలో ముందు ఏది, తర్వాత ఏది అని వాడు మూడు బొమ్మలు గీశాడు. ప్రాసెసర్ తర్వాత రేడియేటరా, కార్డు తర్వాతా అని. లీటరు నీళ్లు నిమిషానికి పారితే 70 వాట్లకు ఒక డిగ్రీ వేడెక్కుతాయి. మన పంపు నిమిషానికి నాలుగు లీటర్లు తిప్పితే 280 వాట్లకు ఒక డిగ్రీ. 700 వాట్లు పడ్డా చుట్టు మొత్తంలో తేడా రెండున్నర డిగ్రీలే. కాబట్టి గొట్టాలు ఎటు పొట్టిగా, తిన్నగా వస్తే అటే పోనివ్వాలి. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు: నీటితొట్టి పంపుకు పైనే ఉండాలి. పంపు లోపలి నీళ్లే దాని బేరింగుకు నూనె. పొడిగా తిరిగితే పాడవుతుంది.

తొట్టి ఎంత పెద్దదైతే అంత చల్లదనం అని మరో భ్రమ. బొడ్డేరు మీద కోనాం జలాశయం మా మండలంలోదే. అందులో ఎన్ని నీళ్లున్నా పంట పండేది కాలవ కింద మడిలోనే. ఇక్కడ మడి అంటే రేడియేటర్. పెద్ద తొట్టి ఉంటే నీళ్లు వేడెక్కడం ఇంకాస్త ఆలస్యమవుతుంది, అంతకుమించి ఏమీ లేదు. నింపడానికీ, బుడగలు పైకి తేలడానికీ చాలినంత ఉంటే చాలు.

లోహాల మాట వచ్చేసరికి నా గొంతు పెరుగుతుంది. నా మొదటి లూప్‌కి చవకగా వస్తోందని రేడియేటర్ ఒకటి కొన్నాను. అన్నీ ఒకటే అన్నాడు అమ్మినవాడు. అది అల్యూమినియం, నా బ్లాకు రాగి. ఆ రెండింటినీ ఒకే నీళ్లలో ఉంచితే అది చిన్న బ్యాటరీ, అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది. ఎనిమిది నెలలకు బ్లాకు విప్పితే సన్నటి గాడుల నిండా తెల్లటి ముద్ద. రాగి, ఇత్తడి, నికెల్ పూత కలిసి బతుకుతాయి. అల్యూమినియాన్ని ఆ ఇంట అడుగుపెట్టనివ్వకూడదు. పెట్టెమీద రాయకపోతే అడగాలి, జవాబు తేలకపోతే కొనడం మానుకోవాలి.

బోరు నీళ్లు వద్దు, ఆర్వో నీళ్లూ వద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పునూ, పాచినీ ఆపే మందు కలుపుకోవాలి, లేదా కలిపి అమ్మే కూలెంట్ కొనుక్కోవాలి. పాలలా చిక్కగా కనిపించే రంగు కూలెంట్ల మీద వాడికి మోజు. ఆ రంగు నీళ్లలో తేలే సన్నటి పొడి వల్ల వస్తుంది, కొన్నాళ్లకు పేరుకుంటుంది. మొదటి లూప్‌లో నీళ్లు స్వచ్ఛంగా ఉంటేనే లోపల ఏం జరుగుతోందో కంటికి తెలుస్తుంది. కొత్త రేడియేటర్‌ని కూడా నమ్మకూడదు. అతుకుల దగ్గర మిగిలిన ఫ్లక్స్ నలుసులు లోపలే ఉంటాయి. గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్ పోసి, ఊపి, తెల్ల పంచె ముక్క మీదకు వంచాలి. ఆ గుడ్డ మీద మరక పడడం ఆగేదాకా కడగాలి.

గ్రాఫిక్స్ కార్డుకు వేసే బ్లాకు అన్నిటికన్నా మెలిక. పేరొకటే అయినా ఒక్కో తయారీదారు సర్క్యూట్ పలక ఒక్కోలా ఉంటుంది. ఒకదానికి చేసిన బ్లాకు ఇంకొకదానికి కూర్చోదు. అందుకని ముందు బ్లాకు దొరుకుతుందో లేదో చూసుకుని, అది ఏ కార్డుకు సరిపోతుందో ఆ కార్డే కొనాలి. అసలు కూలర్ విప్పితే వారంటీ ఏమవుతుందో కొనేముందే అడిగి రాతలో తీసుకోవాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఇంటికి తెప్పించుకున్నా ఇదే మాట.

ఫిట్టింగుల ఖర్చు అందరినీ దెబ్బతీస్తుంది. రెండు బ్లాకులు, రెండు రేడియేటర్లు, పంపూ తొట్టీ కలిసినది ఒకటి. ఐదింటికి రెండేసి నోళ్లు, పది ఫిట్టింగులు. అన్నిటికన్నా కింద నీళ్లు వదలడానికి ఒక టీ, ఒక చిన్న వాల్వు. అదనంగా రెండు. నీళ్లు వదిలే దారి లేకుండా లూప్ కట్టినవాడు ఏడాది తిరిగేసరికి పెట్టెను తలకిందులు చేయాల్సి వస్తుంది. బిగించడం చేత్తోనే. ప్లంబరు చుట్టే తెల్లటేపు ఇక్కడ పనికిరాదు. నీటిని ఆపేది మర కాదు, దాని మొదట్లో ఉన్న రబ్బరు ఓ-రింగు. అది మెత్తగా నొక్కుకుంటే చాలు. పానా వేసి తిప్పితే యాక్రిలిక్ పగులుతుంది. గొట్టాలు మొదటిసారికి ఈపీడీఎంవే. గట్టి గొట్టాన్ని వేడిచేసి వంచడం అందమైన పనే, నాకూ ఇష్టమే, కానీ అది రెండో లూప్‌కి.

నీళ్లు పోసే రోజు తొందర పనికిరాదు. పవర్ సప్లై తీగ ఒక్క పంపుకే ఉండాలి, మదర్‌బోర్డుకు గానీ కార్డుకు గానీ కరెంటు పోకూడదు. 24 పిన్నుల కనెక్టరుకు పెట్టే చిన్న జంపరు దొరుకుతుంది, దాంతో మదర్‌బోర్డు లేకుండానే పంపు తిరుగుతుంది. తొట్టి నింపి, క్షణం తిప్పి, ఆపి, మళ్లీ నింపాలి. పెట్టెను ఇటూ అటూ వంచితే రేడియేటర్‌లో దాక్కున్న గాలి గుడగుడమని బయటికొస్తుంది. ప్రతి కీలు కింద టిష్యూ కాగితం పరిచి 24 గంటలు తిప్పాలి. తడి చుక్క కనిపిస్తే విప్పాలి, ఓ-రింగు చూడాలి, మళ్లీ 24 గంటలు.

ఇంత శ్రమ దేనికని అక్క అడిగింది. ఉన్నది చెప్పాను. ఆ ప్రాసెసర్‌కి మంచి గాలి కూలర్ చాలు. ఆట వేగం పెద్దగా పెరగదు. మారేది చప్పుడు. ఆరు ఫ్యాన్లు తాపీగా తిరిగితే అర్ధరాత్రి పక్కగదిలో నిద్ర చెడదు. అంతకన్నా నేను విలువిచ్చేది మరొకటి: సీలు వేసి అమ్మే కూలర్‌లో పంపు పోతే మొత్తం చెత్తబుట్టలోకే. చేత్తో కట్టినదాంట్లో పంపు పోతే పంపే మారుతుంది. ఐదేళ్ల తర్వాత కార్డు మారినా రేడియేటర్లు, ఫిట్టింగులు, తొట్టి అలాగే కొత్త కంప్యూటరులోకి నడిచొస్తాయి. మా ఊళ్లో వస్తువుని అలాగే వాడతారు.

ఈ విద్యకు మా దగ్గర ఇంకో కారణం కూడా కలిసింది. గూగుల్ విశాఖలో 15 బిలియన్ డాలర్లతో ఒక గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రం కడతానని 2025 అక్టోబరు 14న ప్రకటించింది. అందుకు అనుకున్న స్థలాల్లో మా అనకాపల్లి జిల్లా రాంబిల్లి కూడా ఉంది. గూగుల్ తన ఏఐ చిప్పులకు 2018 నుంచే నీటి గొట్టాలు వేస్తోంది. బ్లాకు, పంపు, గొట్టం, వేడిని వదిలే చోటు: అక్కడా ఇవే, కొలతే వేరు. ఓ-రింగు ఎంత బిగించాలో వేళ్లకు తెలిసిన కుర్రాడు ఆ గేటు ముందు కొత్తవాడిలా నిలబడడు.

వాడి కాగితం ఇప్పుడు నిండింది. 38, 48, 570, ఆరు, పన్నెండు. రంగు లైట్లు చివరి వరసలోకి పోయాయి. ఆర్డరు పెట్టేస్తానన్నాడు. గోడలో ప్లగ్గు మూడో రంధ్రానికి ఎర్త్ ఉందా అని చూస్తే లేదు. పిడుగులు పడే ఊరు, గంటకోసారి వోల్టేజి ఆడే ఊరు. బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ గొయ్యి పెట్టించాకే పెట్టె గడప దాటాలన్నాను. గొయ్యి తవ్వే మనిషి ఆదివారం వస్తానన్నాడు.