తెరపై తెలుగు అక్షరం

1993లో అడోబి సంస్థ పీడీఎఫ్‌ను వెలువరించినప్పటి ఆశయం, పుట ఎక్కడ తెరిచినా దాని రూపం మారకుండుట. ఆశయం నెరవేరినది, అయితే లోపల అక్షరాన్ని ఏ విధంగా పొదిగినారన్నదే చదువరికి ముఖ్యం. డొనాల్డ్ నూత్ రూపొందించిన మెటాఫాంట్ అక్షరాన్ని గణితరేఖలతో నిర్వచించి, తుదకు ఒక ముద్రణయంత్రానికి సరిపడే చుక్కల కూర్పుగా అందించేది. అంగుళానికి 600 చుక్కల అచ్చులో నిండుగా తోచిన అక్షరం, వంద చుక్కలైనా లేని నాటి తెరపై బరకబారేది. రేఖను రేఖగానే పొదిగితే తెర తన కొలతకు తగినట్లు గీసుకొంటుంది. కంప్యూటర్ మోడరన్ అక్షరాలు ఆ రూపంలో ఉచితంగా లభించినది 1997లో.

ఆంగ్లానికి ఇది కంటిశ్రమ మాత్రమే. తెలుగులో అర్థానికే ముప్పు. ప, వలను వేరుచేసేది తలకట్టు వద్ద సందు; ద, ధలకు ఒక చిన్న గీత. పరము వరమైతే ఎవరూ నొచ్చుకోరు గాని, ధార దార అయితే చిక్కే.

నేటి సూక్ష్మమైన తెరలు ఈ లోపాన్ని చాలవరకు మరుగుపరచినవి. అయినను కంప్యూటర్‌లో కూర్చిన ఉత్తర్వును అచ్చుతీసి, సంతకానంతరం స్కాన్ చేసి పీడీఎఫ్‌గా భద్రపరచే కార్యాలయపద్ధతి, రేఖలను కోరి చుక్కలుగా మారుస్తున్నది. అట్టి పుటను ఎంత పెంచినా చుక్కలే పెరుగుతాయి; పూడిన సందు తెరుచుకోదు.