బ్యారెల్‌కు నచ్చిన తూటా

2012 లండన్ ఒలింపిక్స్‌లో బెలారుస్ షూటర్ సెర్గీ మార్తినోవ్ బోర్లా పడుకుని అరవై తూటాలు కాల్చాడు. దూరం యాభై మీటర్లు. పది పాయింట్లు ఇచ్చే వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. అరవైకి అరవై అందులోనే పడ్డాయి. 600కి 600! ఫైనల్లో మరో 105.5 కలిపి, 705.5తో ప్రపంచ రికార్డు రాశాడు. సిడ్నీలోనూ ఏథెన్స్‌లోనూ ఇదే పోటీలో కంచు పతకంతో ఇంటికి వెళ్లిన మనిషి, నలభై నాలుగేళ్ల వయసులో చేసిన ఘనకార్యం ఇది. ఆ ఊపిరి నిలకడను, ట్రిగ్గర్ మీద ఆ వేలి ఓర్పును ఎంత పొగిడినా తక్కువే. కానీ ఆ అరవైలో ఒక్క తూటాలో మందు పిసరంత తగ్గి ఉన్నా, ఒక్క సీసపు గుండు అడుగు కాస్త వంకరపోయినా, 599 దగ్గరే ఆగిపోయేవాడు. తప్పు చేతిది కాకపోయినా స్కోరు షీటులో పడేది షూటర్ పేరు మీదే.

కొత్తగా రైఫిల్ కొన్నవారి కబుర్లు వింటే మనసు చివుక్కుమంటుంది. స్కోపు ఏ కంపెనీది, స్టాకు ఏ రంగుది, ట్రిగ్గర్ ఎన్ని గ్రాములది అని గంటల కొద్దీ చర్చిస్తారు. తూటాల సంగతి వచ్చేసరికి దొరికింది చాలంటారు. లక్షలు పోసి కొన్న ఆ సరంజామా అంతా రేంజ్ ఇవతలే ఉండిపోతుంది. అవతలి గట్టుకు చేరేది గుండు ఒక్కటే. పైగా ఒకే కంపెనీ, ఒకే యంత్రం మీద, ఒకే వారంలో తయారు చేసిన రెండు బ్యారెళ్లు సైతం ఒకే తూటాను ఒకేలా కాల్చవు. ఒకటి ముద్దగా గ్రూపు వేస్తే, రెండోది అదే పెట్టెలోని తూటాలను చెల్లాచెదురు చేస్తుంది. అందుకే మేటి షూటర్లు తమ ఇష్టాన్ని పక్కన పెట్టి, బ్యారెల్ దేన్ని ఒప్పుకుంటుందో ఓపికగా కనిపెడతారు. ఈ క్రీడలో ఇంత నిశ్శబ్దంగా సాగే విద్య మరొకటి లేదు. దీనికి దక్కాల్సిన గౌరవంలో పదో వంతు కూడా దక్కడం లేదు.

మొదట చూడవలసింది ట్విస్టు. బ్యారెల్ లోపలి గాళ్లు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్నది దాని లెక్క. ఇది కొత్త జ్ఞానమేమీ కాదు. 1860లో వింబుల్డన్ మైదానంలో బ్రిటిష్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ తొలి పోటీలను ప్రారంభిస్తూ విక్టోరియా మహారాణి నాలుగు వందల గజాల నుంచి కాల్చింది విట్‌వర్త్ రైఫిల్‌నే. స్టాండుకు బిగించిన ఆ రైఫిల్ నుంచి వెళ్లిన గుండు లక్ష్యం నడిబొడ్డుకు అంగుళమున్నర లోపే తగిలిందని చెబుతారు. అప్పటి సైన్యపు ఎన్‌ఫీల్డ్‌లో 78 అంగుళాలకు ఒక చుట్టు ఉంటే, విట్‌వర్త్‌లో 20 అంగుళాలకే ఒకటి. సన్నగా, పొడుగ్గా ఉన్న గుండుకు వేగంగా తిప్పే బ్యారెల్ కావాలని జోసెఫ్ విట్‌వర్త్ చేసి చూపించాడు. ఆ తర్వాత వూలిచ్ ప్రొఫెసర్ గ్రీన్‌హిల్ దానికో సూత్రం కట్టాడు.

ఆ నియమం నేటికీ మారలేదు. గుండు ఎంత పొడుగైతే అంత ఎక్కువ తిరగాలి. .223 రైఫిల్‌లో పన్నెండు అంగుళాల ట్విస్టు ఉంటే 55 గ్రెయిన్ల గుండు చక్కగా పోతుంది. దూరపు పోటీల కోసం చేసిన 80 గ్రెయిన్ల పొడుగాటి గుండును అదే బ్యారెల్‌లో పెడితే అది గాలిలో దొర్లుకుంటూ వెళ్లి కాగితానికి అడ్డంగా తగులుతుంది. చిల్లు బదులు చీలిక పడుతుంది. దానికి ఎనిమిది అంగుళాల ట్విస్టు, ఇంకా నయమైతే ఏడు ఉండాలి. 6.5 క్రీడ్‌మూర్ తూటాకు చేసిన బ్యారెళ్లు ఎక్కువగా ఎనిమిది అంగుళాల ట్విస్టుతో వస్తాయి కాబట్టి 140 గ్రెయిన్ల గుండుకు ఇబ్బంది లేదు. కొత్త రైఫిల్ కొన్న రోజునే ఈ ఒక్క అంకె తెలుసుకుంటే సగం తూటాలను కొనకుండానే పక్కన పెట్టేయవచ్చు.

ఇక .308 వించెస్టర్‌లో 168 గ్రెయిన్ల సియెరా మ్యాచ్‌కింగ్ కథ ప్రతి కొత్త షూటరూ వినాలి. మూడు వందల మీటర్ల అంతర్జాతీయ పోటీల కోసం పుట్టిన గుండు అది. ఆ దూరంలో దాని పనితనానికి దండం పెట్టాల్సిందే. ఆరు వందల గజాల దాకా కూడా పేరు నిలబెట్టుకుంది. కానీ వెయ్యి గజాలకు, అంటే 914 మీటర్లకు తీసుకెళితే అసలు గుణం బయటపడుతుంది. దాని తోక పదమూడు డిగ్రీల వాలుతో కోసినట్టు ఉంటుంది. వేగం తగ్గి ధ్వని వేగం దగ్గరికి వచ్చేసరికి ఆ తోక చుట్టూ గాలి కుదురుగా ఉండదు. ఊపు తగ్గిన బొంగరంలా గుండు తల ఊపడం మొదలుపెడుతుంది. తొమ్మిది డిగ్రీల తోకతో వచ్చిన 175 గ్రెయిన్ల గుండు ఆ ధ్వని వేగపు హద్దును నింపాదిగా దాటేస్తుంది. అమెరికా సైన్యం తన మ్యాచ్ (పోటీ స్థాయి) తూటాల్లో 168ని వదిలి 175కి మారడం వెనుక ఉన్నది ఈ తేడాయే. బరువులో ఏడు గ్రెయిన్లు, అంటే అర గ్రాము కూడా లేదు! పెట్టె మీద రెండింటికీ మ్యాచ్ అనే రాసి ఉంటుంది.

గుండు అడుగు గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడే చవక సరుకు దొరికిపోతుంది. సైన్యపు మామూలు తూటాల్లో రాగి తొడుగును ముక్కు వైపు నుంచి తొడుగుతారు, అడుగున సీసం తెరిచి ఉంటుంది. మ్యాచ్ గుండులో తొడుగు అడుగు నుంచి పైకి వస్తుంది, ముక్కు దగ్గర సన్నటి రంధ్రం మిగులుతుంది. ఆ రంధ్రాన్ని చూసి వేట తూటా అనుకునేవారు చాలామంది. నిజానికి అడుగు అచ్చంగా గుండ్రంగా, సమంగా రావడం కోసమే ఆ పద్ధతి. బ్యారెల్ వదిలే క్షణంలో వాయువు చివరిగా తోసేది అడుగునే. అక్కడ వెంట్రుకవాసి వంకర ఉన్నా గుండు దారి తప్పుతుంది.

తర్వాతది వేగం. పెట్టె మీద అచ్చేసిన సగటు వేగం చూసి మురిసిపోవడం దండగ. ఒక తూటాకూ మరో తూటాకూ మధ్య తేడా ఎంతన్నదే దూరపు పోటీలో ప్రాణం. .308లో సెకనుకు 30 అడుగుల తేడా వంద గజాల దగ్గర కంటికి కనబడదు. వెయ్యి గజాల దగ్గర అదే తేడా గుండును సుమారు పది అంగుళాలు పైకో కిందికో జరుపుతుంది. అమెరికా పోటీల టార్గెట్ మీద పది వలయం మొత్తం వ్యాసమే ఇరవై అంగుళాలు. అంటే షూటర్ ఏ తప్పూ చేయకుండానే సగం వలయాన్ని తూటా తినేసింది. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ లేకుండా దూరపు తూటాను ఎంచుకోవడం గుడ్డి బేరమే. గాలిని చీల్చుకుపోయే శక్తికి కంపెనీలు వేసే అంకెలను కూడా పరీక్షించి చూసుకోవాలి. బాలిస్టిక్స్ నిపుణుడు బ్రయన్ లిట్జ్ ఆ పని చేశాడు. ఒక్కో గుండునూ తానే కొలిచి, 2009లో పుస్తకంగా వేసి, తోక సన్నబడిన గుళ్లకు పాత జీ1 లెక్క కంటే జీ7 లెక్క సరిపోతుందని షూటర్ల లోకానికి నేర్పాడు. లిట్జ్ స్వయంగా మేటి షూటర్. అందుకే ఆ పుస్తకంలో రేంజ్ మట్టి వాసన ఉంటుంది.

దూరపు తూటాలను కొందరు ఇంట్లో తామే నింపుకుంటారు, బ్యారెల్‌కు తగ్గట్టు సర్దుకుంటారు. .22 రిమ్‌ఫైర్‌కు ఆ వీలే లేదు. నిప్పు రాజేసే మసాలా ఇత్తడి అంచులోనే ఉంటుంది; కంపెనీ చేసిందే తూటా. కాబట్టి ఎంచుకోవడం అన్న విద్య పరాకాష్ఠకు చేరింది ఇక్కడే. బర్మింగ్‌హామ్ శివారులోని ఎలీ వారి దగ్గర, జర్మనీలో షోనెబెక్‌లోని లాపువా వారి దగ్గర యాభై మీటర్ల సొరంగాలున్నాయి. షూటర్ తన రైఫిల్‌ను మోసుకెళ్తాడు. దాన్ని బిగింపులో కదలకుండా పెడతారు. ఒక లాటు తర్వాత ఒక లాటు పదేసి చొప్పున కాలుస్తారు, ఎలక్ట్రానిక్ టార్గెట్ ప్రతి చిల్లునూ కొలుస్తుంది. అన్నీ ఒకే పేరు, ఒకే ధర, ఒకే 40 గ్రెయిన్ల గుండు. అయినా ఒక లాటు పది వలయంలో ఒదిగి కూర్చుంటుంది, మరోటి తొమ్మిదిలోకి చిమ్ముతుంది. నచ్చిన లాటు దొరికిందా, వేల తూటాలు ఒక్కసారే కొనేస్తారు. మళ్లీ అడిగితే ఆ లాటు ఉండదు మరి.

ఈ పరీక్షను మామూలు రేంజ్‌లోనూ చేయవచ్చు, కాకపోతే నియమంగా చేయాలి. ఒక రకం నుంచి మరో రకానికి మారినప్పుడు పాత తూటాల మైనపు పూత బ్యారెల్‌లో మిగిలి ఉంటుంది. కొత్త రకం ఓ ఇరవై దాకా కాల్చి అది కుదురుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి. గాలి లేని తెల్లవారుజామున కాల్చాలి. గ్రూపుకు పది గుళ్లు తప్పనిసరి. ఐరోపా చలిలో పరీక్షించిన లాటు హైదరాబాద్ మే నెల ఎండలో అలాగే ఉంటుందనుకోకూడదు; మందు వేడెక్కితే వేగం పెరుగుతుంది. తూటాల పెట్టెను నీడలో ఉంచడం, వేడెక్కిన బ్యారెల్‌లో తూటాను నాననివ్వకుండా ఉండటం మన వాతావరణంలో తప్పనిసరి క్రమశిక్షణ.

ఇప్పుడు అందరి నోటా 6.5 క్రీడ్‌మూర్ పేరే. మంచి తూటాయే, సందేహం లేదు. గంటకు పది మైళ్ల అడ్డగాలిలో వెయ్యి గజాల దగ్గర .308 రెండున్నర మీటర్ల దాకా పక్కకు పోతే, అది రెండు మీటర్ల లోపే ఆగుతుంది. అయినా మనసు పాల్మా పోటీల వైపే లాగుతుంది. 1876 నుంచి పేరు నిలుపుకున్న ఆ పోటీలో 800, 900, 1000 గజాలు; .308 రైఫిల్, 155 గ్రెయిన్ల గుండు, కంటికి స్కోపు లేదు. ఇంగ్లండ్‌లోని బిస్లీలో టార్గెట్ రైఫిల్ పోటీలకు నిర్వాహకులే అందరికీ ఒకే తూటా పంచే ఆనవాయితీ ఉంది. తూటా సమానమైతే మిగిలేది గాలిని చదివే కన్నే. 1930లో మార్జరీ ఫాస్టర్ అదే బిస్లీలో ఒక్క పాయింటు తేడాతో కింగ్స్ ప్రైజ్ గెలిచింది, ఆ బహుమతి అందుకున్న తొలి మహిళగా. ఆమె ముందు సైనికాధికారులంతా నిలబడి చూడాల్సి వచ్చింది. గాలికి తక్కువ లొంగే తూటా కొనుక్కుంటే గాలిని చదవడం ఎవరు నేర్చుకుంటారు? ఆ ప్రశ్నకు క్రీడ్‌మూర్ అభిమానుల దగ్గర సరైన జవాబు లేదు.

అసలు కోపం రావలసింది మాత్రం మరోచోట. మ్యాచ్ అనే మాటకు నేడు విలువ లేకుండా పోయింది. నల్ల పెట్టె, బంగారు అక్షరాలు ఉంటే చాలు, లోపల ఏ లాటు ఎంత కలిపారో అడిగేవాడు లేడు. మూడు గుళ్లు కాల్చి, మూడూ దగ్గరగా పడిన కాగితాన్ని ఫొటో తీసి ఇదే నా రైఫిల్ సత్తా అని చాటుకోవడం ఒక జబ్బులా పాకింది. అదే రైఫిల్‌తో, అదే తూటాతో పది గుళ్లు కాలిస్తే గ్రూపు సగటున ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది. ఆ పదింటి కాగితం చూపించేవారేరీ? ఇలాంటి ఫొటోలను నమ్మి కొత్త కుర్రవాళ్లు డబ్బు తగలేసుకుంటున్నారు. గ్రూపు తెరుచుకున్నప్పుడు తమ చేతినే అనుమానించుకుని, బాగున్న పట్టును కూడా మార్చుకుంటున్నారు. ఇంతకంటే అన్యాయం ఉందా?

పోటీలే కనుమరుగవుతుంటే ఈ విద్యకు దిక్కెవరు? అమెరికా షూటర్ గ్యారీ ఆండర్సన్ 1964లో టోక్యోలో, 1968లో మెక్సికోలో ప్రపంచ రికార్డులతో స్వర్ణాలు కొల్లగొట్టిన మూడు వందల మీటర్ల రైఫిల్‌ను 1972 తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు. మార్తినోవ్ 600 కొట్టిన, బోర్లా పడుకుని కాల్చే ప్రోన్ పోటీని 2016 రియో తర్వాత తీసేశారు. లండన్‌లో మన జయదీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో నిలిచింది ఆ పోటీలోనే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ లండన్‌లో ఎయిర్ రైఫిల్ కంచు గెలిచాక, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెండి సాధించింది ఆ పోటీలోనే. ప్రేక్షకులకు విసుగట, టీవీకి పనికిరాదట! నిలకడకు ఇంతకంటే పెద్ద పరీక్ష ఏ క్రీడలో ఉందో చెప్పమనండి.

మిగిలిన, మూడు భంగిమల్లో కాల్చే త్రీ పొజిషన్స్ పోటీలో 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 451.4తో కంచు తెచ్చాడు. కొల్హాపూర్ జిల్లా పల్లె నుంచి వచ్చిన ఆ రైల్వే ఉద్యోగి కోసం తండ్రి ఒకప్పుడు అప్పు చేసి తూటాలు కొన్నారని పత్రికల్లో చదివాం. మన దగ్గర మంచి .22 తూటా దిగుమతి కావాల్సిందే. అనుమతులు, కోటాలు, సుంకాలు దాటుకుని వచ్చేసరికి పిల్లలు లాటు ఎంచుకునే మాటే ఎత్తలేరు. చేతికొచ్చిన పెట్టెనే దేవుడిచ్చిందనుకుంటారు. తెలుగు రాష్ట్రాల రైఫిల్ సంఘాలు ఈ ఒక్క విషయంలో ఒక్కటి కావాలి. పెద్ద ఆర్డరు పెట్టే ముందు నాలుగైదు లాట్ల నమూనాలు తెప్పించాలి. ప్రతి రేంజ్‌లో ఒక బిగింపు బల్ల, ఒక క్రోనోగ్రాఫ్ పెట్టాలి. పిల్లల రైఫిళ్లన్నిటినీ ఆ బల్ల మీద పరీక్షించి, ఎవరి బ్యారెల్‌కు ఏది కుదిరితే ఆ లాటు వాళ్లకే పంచాలి. ప్రతి షూటర్ స్కోరు పుస్తకంలో తేదీ పక్కన లాటు నంబరు రాయించాలి. దీనికి కొత్త చట్టాలు అక్కర్లేదు. వచ్చే సీజన్ ఆర్డరు పెట్టే లోపే మొదలుపెట్టవచ్చు.