పక్క సాలు

మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కితే అప్పా జంక్షన్ దాటాక రోడ్డుకు రెండు వైపులా మర్రిచెట్లు మొదలవుతాయి. రోడ్డు వెడల్పు పనిలో పోకుండా ఆ 900కు పైగా చెట్ల కోసం జనం ఏళ్లతరబడి కొట్లాడారు. మొయినాబాద్ దాకా ఆ ఊడల వెనక నాకు కనిపించేవి ఎక్కువగా ప్రహరీలు, ఇనుప గేట్లే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లను కాపాడాలని 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. అయినా ఫామ్‌హౌస్‌లు లేచాయి. అందుకే గేటు లేని చెల్క కనిపిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

చేవెళ్లకు ఇవతల అలాంటి చెల్కకే మొన్న పొద్దున్నే వెళ్లాను. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి కౌలుకు పట్టిన ఎర్ర నేల. ఒక పక్క బంతి, మిగతా అంతా క్యారెట్. చూసి, నాలుగు మాటలు అడిగి వద్దామనుకున్నాను. ఒక అవ్వ నా చేతిలో ఖుర్పి పెట్టి, "గీ సాలు నీది బిడ్డా" అంది. నేనెవరో, ఎందుకొచ్చానో అప్పటికింకా ఎవరూ అడగనే లేదు.

క్యారెట్‌లో కలుపు తీయడం కళ్లతో అయ్యే పని కాదు. వయ్యారిభామ లేతగా ఉన్నప్పుడు అచ్చం క్యారెట్ మొలకలాగే ఉంటుంది. హిందీవాళ్లు దాన్ని గాజర్ ఘాస్ అనేది అందుకే. 1950లలో పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకిన మొక్క అది. కాసేపటికి చూస్తే నేను పీకిన కుప్పలో సగం పైరే. గుండె గుభేలుమంది. అవ్వ ఒక్క మాట అనలేదు. రెండు ఆకులు తెంపి, వేళ్ల మధ్య నలిపి, ఒకదాని తర్వాత ఒకటి నా ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన జూడు. పంట వాసన వేరుంటది."

నిజమే. ఒకదాంట్లో క్యారెట్ గడ్డ వాసన అప్పుడే ఉంది. ఆ తర్వాత అనుమానం వచ్చిన ప్రతిసారీ ఆకు కొస నలిపి చూశాను. దాంతో మిగతావాళ్లు ముందుకు పోయారు, నేను వెనకబడ్డాను. కొంతదూరం వెళ్లాక నా సాలు శుభ్రంగా కనిపించింది. ఇటు పక్కన అవ్వ, అటు పక్కన ఇంకో అక్క తమ సాళ్లతో పాటు నాదీ తీసుకుంటూ పోయారు. మాటలు ఆపలేదు, నా వైపు చూడనూ లేదు. గట్టు దగ్గరికి అందరం ఒక్కసారే చేరాం.

జహీరాబాద్ వైపు, పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు భూములు కలిసి కౌలుకు తీసుకుని చిరుధాన్యాలు పండించారు. ఆ సంస్థకు 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ల గురించి చదివిన ప్రతిసారీ నా కన్ను విత్తనాల మీదే ఉండేది. కొర్రలెన్ని, సామలెన్ని అని లెక్కపెట్టుకున్నానే గానీ, వెనకబడిన మనిషి సాలు పక్కవాళ్ల చేతుల్లోకి ఎలా వెళ్తుందో ఆలోచించలేదు. నలుగురు కలిసి చేసే సేద్యం నిలబడేది ఆ చేతుల మీదేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

గట్టున జొన్నరొట్టె, పండుమిరప తొక్కు పెట్టారు. తిన్నాక ఒక పిల్ల బదుళ్ల పుస్తకం తీసింది. ఇయ్యాల నీ చెల్కల నేను, రేపు నా చెల్కల నువ్వు, అదీ ఆ లెక్క. చివర్లో నా పేరు అడిగి, ఒక పూట అని రాసుకుంది.

వద్దన్నాను. నేను చేసినదాంట్లో సగం వాళ్లే చేశారన్నాను.

"చెల్కల దిగినవు గదా" అంది అవ్వ. "మేం నీకు ఒక పూట బాకీ. మీ ఇంటికాడ ఏం పనుంటది బిడ్డా, ఎప్పుడు రమ్మంటవ్?"

మూడో అంతస్తులో ఉండే నాకు, నలుగురు కలిసి చేసే పని ఒక్కటీ తోచలేదు. పుస్తకంలో ఆ పూట అలాగే ఉంది.