ఆకాశమార్గమున కేదారయాత్ర

మా డోన్ పట్టణమున ఒక గృహస్థుడు గడచిన మాసమున మాయొద్దకు ఒక యాత్రాపత్రికను దెచ్చి, దీనిని చదివి మీ అభిప్రాయము చెప్పవలయునని కోరినాడు. ఆయన తల్లికి డెబ్బది రెండేండ్లు. మోకాళ్ల నొప్పులు, కొంచెము ఆయాసము కలవు. ఏటేట శివరాత్రికి శ్రీశైలమునకు పోయి మల్లికార్జునుని సేవించెడి ఆ అవ్వకు హిమాలయమందలి కేదారేశ్వరునిగూడ కన్నులార చూడవలయునని కోరిక. నాలుగు ధామములను ఆరు దినములలో హెలికాప్టరుపై చూపి తిరిగి డెహ్రాడూనునకు చేర్చెదమని ఆ పత్రికయందున్నది. కుమారుడు ధనము చెల్లించుటకు సిద్ధముగా నున్నాడు. మేము బడిపంతులమే కాని యాత్రలు నడపువారము కాము. అయినను అచ్చుపడిన ప్రతి కాగితమును గ్రంథమే, దానిని గ్రంథమువలెనే చదువవలయునని మా విద్యార్థులకు చెప్పుచుందుము గనుక, దీనినిగూడ అట్లే చదివితిమి.

పత్రిక ఎనిమిది పుటలు. విశేషణములకు కొదువలేదు. దివ్యమను మాట మేము లెక్కించినంతలో పదునొకండు చోట్ల నున్నది. విమానము దిగిన చోటినుండి గుడివఱకు ఎంత నడువవలయునో, మబ్బు పట్టినయెడల ఎక్కడ నిలిపివేయుదురో, నిలిచిన దినములకు అన్నవసతులు ఎవరు చూచుకొందురో, తిరిగివచ్చు సొమ్మెంతయో, ఒక్క చోటను లేదు. చదువరికి కావలసినదానిని దాచి, అక్కఱలేనిదానిని పొగడు రచనకు మన అలంకారశాస్త్రమున ఏమి పేరున్నదో మాకు తోచలేదు.

ఆ రాత్రి మేము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను మరల దీసి ప్రక్కన పెట్టుకొంటిమి. యాత్రను గూర్చి గద్యమున వ్రాసిన పుస్తకములలో అంత ఉపకారియైనది తెలుగున మఱియొకటి యున్నదని మేమెఱుగము. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఆ పెద్దమనుష్యుడు 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. తిరుపతి, కడప దాటి మన ఆళ్లగడ్డ చెంతనున్న అహోబిలమునకును, అటుపిమ్మట శ్రీశైలమునకును పోయి, తరువాత హైదరాబాదు మార్గమున ఉత్తరదేశమునకు నడచెను. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపిన వర్తమానములే 1838లో పుస్తకమైనవి. ఏ ఊరిలో నీరు దొరకునో, ఏ దారి రాళ్లదో, ఎక్కడ అంగళ్లున్నవో, తన వెనుక రాబోవువాని నిమిత్తము ఆయన వ్రాసిపెట్టెను. శ్రీశైలయాత్రికులమీద కందనూరి నవాబు పన్ను గొనుటయు, గుడి బాగోగులు పట్టకపోవుటయు దాచలేదు. భక్తి యుండియు కన్నులు మూసికొనని రచన అది.

అయితే ఆ పుస్తకమును చూపియే మా స్నేహితుడొకరు ఆ అవ్వ ప్రయాణమును ఖండించిరి. పూర్వులు నెలల తరబడి కష్టపడి పోయిరి గనుక వారికి పుణ్యము దక్కెననియు, ఎగిరి వ్రాలువానికి దర్శనమే కాని యాత్రాఫలము లేదనియు వారి వాదము. వినుటకు ఇంపుగా నున్నది. కాని పుస్తకమును సావధానముగా చదివినవారు ఈ మాట అనలేరు. వీరాస్వామయ్యగారి వెంట సుమారు నూరుమంది పరివారము నడచినది. ఆయన పల్లకీలో పోయెను. ఆ పల్లకీని మోసిన బోయీల కాళ్లు కష్టపడినవి. కష్టమునకే ఫలమున్నదను పక్షమున, ఆ ఫలము ఎవరి ఖాతాలో వేయవలయునో మా స్నేహితుడు చెప్పవలసియున్నది. నేటికిని ఎగువ అహోబిలమునుండి జ్వాలానరసింహుని సన్నిధికి నడువలేనివారు డోలీలో పోవుచున్నారు. గౌరీకుండమునుండి కేదారమునకు సుమారు 16 కిలోమీటర్ల ఎక్కుడుదారి. అక్కడను డోలీలున్నవి, కంచరగాడిదలున్నవి. మనుష్యుని భుజముమీద నెక్కిపోవుట శాస్త్రసమ్మతమై, యంత్రముమీద పోవుట మాత్రము అపచారమగునా? కొండవీటి ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబిలమునకును మెట్లు కట్టించినప్పుడు, మెట్లెక్కినవానికి పుణ్యము తఱిగెనని ఎవరును అన్నట్లు మేము వినలేదు.

ఈ వాదము చాలవఱకు ఎవరిమీద పడుచున్నదో గమనింపుడు. కాళ్లు గట్టిగానున్న పురుషునకు దీనిచే నష్టమేమియు లేదు. యౌవనమంతయు వంటయింటను పశువుల కొట్టమునను గడపి, కొడుకులు ఎదిగినపిమ్మట గాని గడప దాటలేకపోయిన స్త్రీలకే ఇది అడ్డు. ఆ అవ్వయే మాతో, "అయ్యవారూ, నడిచే వయసులో పంపినవారు లేరు. నడవలేని వయసులో పోకూడదంటే నాకింక దేవుడెప్పుడు?" అన్నది. మేము జవాబు చెప్పలేకపోతిమి.

కనుక హెలికాప్టరును మేము ధర్మదృష్టితో నిషేధింపము. మా శంక వేఱు. అది ప్రాణమును గూర్చినది. 2022 అక్టోబరు 18న కేదారమునుండి మరలుచుండిన హెలికాప్టరు గరుడచట్టివద్ద కూలి ఏడుగురు మరణించిరి. 2025 మే 8న ఉత్తరకాశీ జిల్లాలో గంగ్నానీ సమీపమున మఱియొకటి కూలగా ఆరుగురు పోయిరి. వారిలో మన ఆంధ్రప్రదేశమునకు చెందిన స్త్రీ యొకరు. ఆ సంవత్సరమే జూన్ 15న గౌరీకుండపు అడవులలో ఇంకొకటి పడి ఏడుగురు చనిపోయిరి. కొంతకాలము ఈ ప్రయాణములు నిలిపివేయబడినవి. ఎనిమిది పుటల పత్రికలో వీనికి ఒక్క పంక్తియు దొరకలేదు.

కారణములు తెలియనివి కావు. కేదారము 3,583 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరమందలి దానిలో సుమారు మూడింట రెండుపాళ్లు. గాలి పలుచనైనకొలది యంత్రపు రెక్కలకు పట్టు తగ్గును. లోయ ఇఱుకు, మబ్బు గడియలో క్రమ్మును. దారి కానరానప్పుడు వెనుకకు తిరుగుటకుగూడ చోటు చాలదు. అట్టి తావున తొందర మహాశత్రువు. ఆరు దినములలో నాలుగు ధామములను లెక్క ఆ తొందరను ముందుగానే కొనిపెట్టుచున్నది. ఒక్క పూట మబ్బు పట్టినచో లెక్కయంతయు తప్పును. అప్పుడు యాత్రికులు నడుపువానిని తొందరపెట్టుదురు, యజమాని లాభము చూచుకొనును. వీరాస్వామయ్యగారు వాన కుఱిసిన దినమున సత్రములో ఆగగలిగెను. పత్రికవారి లెక్కలో ఆగుటకు దినమే లేదు.

దేహస్థితియు ఆలోచింపదగినదే. ఫాటానుండి ఎగిరిన యంత్రము పది నిమిషములలోపునే కేదారమున దింపును. మెల్లగా ఎక్కువానికి దేహము అలవాటుపడును; ఈ అవ్వకు ఆ వ్యవధి లేదు. ఆయాసముగలవారు వైద్యుని చూపించుకొనకుండ పోరాదు, పోయినను రాత్రి పైన నిలువక అదేదినము దిగివచ్చుట మేలు.

ఇవన్నియు చెప్పి, మేము ఆ గృహస్థునకు వేఱొక లెక్క వ్రాసియిచ్చితిమి. నాలుగు ధామములు వలదు, కేదారమొక్కటి చాలును. జూలై, ఆగస్టు వానలు విడిచి, మే నెల యందో సెప్టెంబరు చివరనో పోవలయును. ముందుగా ఉత్తరాఖండ ప్రభుత్వమువారియొద్ద యాత్రకు పేరు నమోదు చేయించి, తరువాత ఐ.ఆర్.సి.టి.సి. వారి హెలీయాత్ర ద్వారమున మాత్రమే చీటి కొనవలయును. ఆ పేరుతో నకిలీ ద్వారములు తెఱచి సొమ్ము కాజేయువారు పెక్కురున్నారు. గుప్తకాశీలో రెండు రాత్రులు విశ్రమించి, ఉదయపు వేళనే ఎగురవలయును. మబ్బుకొఱకు రెండు దినములు మిగిల్చి యుంచవలయును. ఆ దినములలోను వీలుపడనిచో, పైకి చూచి నమస్కరించి ఇంటికి రావలయును.

కడపటి నియమమునకు కుమారుడు మొగము చిన్నబుచ్చుకొనెను. అంత సొమ్ము పోసి గుడి చూడకుండ వచ్చుటయా యనెను. అవ్వ మాత్రము, శ్రీశైలపు దారిలో తన చిన్ననాట బండి విఱిగి శిఖరదర్శనముతోనే తిరిగివచ్చిన సంగతి చెప్పి, దానికే ఊరివారందఱు తన తల్లి కాళ్లకు మ్రొక్కిరని నవ్వినది. పాత పత్రికను అతడు మాయొద్దనే విడిచిపోయినాడు. వెనుకప్రక్క తెల్లగా నున్నది గనుక పదవతరగతివారి సంధికార్యములు దానిమీద దిద్దితిమి.

చీటి సెప్టెంబరు నెలకు దొరికినది. హెలికాప్టరులో మనిషికి రెండు కిలోల సామానే పట్టుకొనిపోనిత్తురని తెలిసి, నిన్నటిదినము అవ్వ తన సంచిని వీధి చివరి అంగడిలో తూయించినది. మూడున్నర కిలోలు తూగినది. చూడగా శ్రీశైలమునుండి తెచ్చిన విభూతియు, అభిషేకమునకని మూడు రాగిచెంబులును బయటపడినవి. రెండు చెంబులు తీసివేసినది. మూడవదానిని విడుచుటకు ఇంకను ఒప్పుకొనలేదు.