ఒంటరి నావికుని ప్రపంచయాత్ర: జ్ఞాపకం, నవ్వు, మౌనం

వ్యాససంగ్రహం

తెరచాప పడవలో ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన తొలి వ్యక్తి జాషువా స్లోకమ్. అతని యాత్రాకథనం ‘సెయిలింగ్ అలోన్ అరౌండ్ ది వరల్డ్’ (1900)లో ఏ అనుభవాలు ప్రీతిపాత్రమైన జ్ఞాపకాలుగా నిలిచాయో, ఆ క్రమంలో ఏవి మరుగునపడ్డాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, సముద్రయానం, జ్ఞాపకం, హాస్యం, ఆదిమజాతులు.

1. ఉపోద్ఘాతం

స్లోకమ్ 1895 ఏప్రిల్ 24న అమెరికాలోని బోస్టన్ నుంచి ‘స్ప్రే’ అనే పడవలో బయలుదేరాడు. సుమారు 46,000 మైళ్లు ప్రయాణించి 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరాడు. పడవ పొడవు 37 అడుగులకు మించదు. పొలంలో శిథిలమై పడి ఉన్న దానిని అతడే తిరిగి నిర్మించుకున్నాడు. అప్పటికి అతని వయసు యాభై దాటింది. ఆవిరి ఓడల రాకతో తెరచాప ఓడల కెప్టెన్లకు బతుకుతెరువు కరువవుతున్న కాలమది.

ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేస్తూ, దారిపొడవునా రాసిన విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపాడు. అక్కడ అనుభవానికీ రచనకూ మధ్య వ్యవధి స్వల్పం. స్లోకమ్ మాత్రం యాత్ర ముగిశాక పత్రికలో ధారావాహికగా వెలువడేందుకు తన కథను రాశాడు. పడవలోని దినచర్య ఆధారంగా ఉన్నప్పటికీ, దేనిని విస్తరించాలో దేనిని తగ్గించాలో నిర్ణయించింది జ్ఞాపకమే.

2. తగ్గిన సముద్రం, పెరిగిన తీరం

హువాన్ ఫెర్నాండెజ్ ద్వీపం నుంచి సమోవా వరకు స్లోకమ్ 72 రోజులు ఏ రేవులోనూ ఆగలేదు. గ్రంథంలో ఆ రోజులు కొద్ది పుటలలోనే ముగుస్తాయి. అంతకుముందు హువాన్ ఫెర్నాండెజ్‌లో గడిపిన పది రోజులకు దక్కిన చోటు అంతకన్నా ఎక్కువ. పడవపైకి వచ్చిన ద్వీపవాసులకు కాఫీతో పాటు పశువుల కొవ్వులో వేయించిన పిండివంట పెట్టడం, వారికి ఆ వంట నేర్పడం, తన దగ్గరున్న కొవ్వును అమ్మి పాతకాలపు నాణేలు పుచ్చుకోవడం ఇక్కడి ముచ్చట్లు. సమోవాలోనూ అంతే. అప్పటికి దివంగతుడైన రచయిత స్టీవెన్‌సన్ వాడిన నౌకామార్గదర్శక గ్రంథాలను ఆయన భార్య ఫానీ స్లోకమ్‌కు బహూకరించడం అక్కడి ముఖ్యఘట్టం.

ఈ ఎంపికకు కారణం యాత్రారంభంలోనే కనిపిస్తుంది. దట్టమైన మంచులో చిక్కుకున్నప్పుడు ఒంటరితనం తనను కమ్మేసిందని స్లోకమ్ చెబుతాడు. తన గొంతు తనకు వినబడడం కోసం పెద్దగా మాట్లాడాడు, పాటలు పాడాడు. అజోర్స్ దాటాక ప్లమ్ పళ్లు, చీజ్ తిని జబ్బుపడి స్పృహ తప్పినప్పుడు, కొలంబస్ నౌకలలో ఒకటైన ‘పింటా’ సరంగు వచ్చి చుక్కాని పట్టాడట. తేరుకునేసరికి పడవ సరైన దిశలోనే సాగుతోంది. మనిషి తోడు లేనిచోట జ్ఞాపకం ఆ తోడును కల్పించుకుంది. కథనంలో తీరాలు పెరగడానికీ సముద్రం తగ్గడానికీ మూలం ఈ అవసరమే.

3. నవ్వు ఎవరిపై?

స్లోకమ్ జ్ఞాపకాలను ప్రీతిపాత్రం చేసేది హాస్యం. భూమి గుండ్రంగా లేదని నమ్మే ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు క్రూగర్, తాను భూమిని చుట్టివస్తున్నానన్న నావికుని మాటను సరిదిద్దబోతాడు. ఇక్కడ నవ్వు అధికారంలో ఉన్నవానిపై పడింది.

మెగెల్లాన్ జలసంధి ఘట్టం అటువంటిది కాదు. 1896 ఫిబ్రవరిలో పుంటా అరెనాస్‌లో ఒక నావికుడు స్లోకమ్‌కు తివాచీలకు కొట్టే చిన్న మేకులు ఇచ్చాడు. రాత్రి నిద్రపోయే ముందు స్లోకమ్ వాటిని డెక్కుపై పరిచాడు. చీకట్లో పడవెక్కిన ఆదివాసులు మేకులు గుచ్చుకుని అరుస్తూ నీళ్లలోకి, తమ పడవల్లోకి దూకారు. ఒంటరివానికి ప్రాణభయం నిజమే. ఆ ఉపాయాన్ని తప్పుపట్టలేం. పరిశీలించవలసింది దానిని వినోదంగా చెప్పిన తీరును.

ఆ దశాబ్దాలలోనే టియెర్రా డెల్ ఫ్యూగో ప్రాంతపు జాతులు గొర్రెల క్షేత్రాల విస్తరణకు, కూలిచ్చి చేయించిన హత్యలకు, బయటినుంచి వచ్చిన రోగాలకు బలై క్షీణిస్తున్నాయి. స్లోకమ్‌కు ఇది పూర్తిగా తెలియదనలేం. తాను రాకముందే అక్కడి గవర్నరు, మరెక్కడో జరిగిన హత్యలకు ప్రతీకారంగా ఒక ఆదివాసి ఆవాసాన్ని తుడిచిపెట్టడానికి యువకుల బృందాన్ని పంపాడని అతడే పేర్కొన్నాడు. నేరం ఒకచోట, శిక్ష మరొకచోట అన్న సంగతిని గుర్తించాడు. అయినా ఒక్క వాక్యంతో ముందుకు సాగిపోయాడు. మేకుల కథ లోకప్రసిద్ధమైంది. ఈ వాక్యం అంతగా పాఠకుల దృష్టికి రాలేదు. డెక్కుపైకి వచ్చినవారు ఎటువంటి స్థితిలో ఉండి వచ్చారన్న ప్రశ్నకు ఈ వాక్యమే దారి చూపుతుంది.

4. ముగింపు

1. స్లోకమ్ కథనంలో ప్రీతిపాత్రమైన జ్ఞాపకాలు గడిచిన కాలాన్ని బట్టి కాక, తోటి మనుషుల సాన్నిధ్యాన్ని బట్టి ఏర్పడ్డాయి.

2. హాస్యం ఆ జ్ఞాపకాలకు ఆకర్షణ కలిగించింది. బలహీనులపై ప్రయోగించినచోట మాత్రం వారి చరిత్రను కప్పిపుచ్చింది.

3. ఆ మౌనాన్ని పట్టి ఇచ్చే ఆధారం గ్రంథంలోనే ఉంది. కనుక రచయిత నిజాయితీని తోసిపుచ్చకుండానే అతని కథనాన్ని విమర్శించవచ్చు.

తెలుగువారి యాత్రారచనల అధ్యయనంలో చూసిన స్థలాల పట్టికలు, సమాచార విలువ తరచుగా చర్చకు వస్తాయి. రచయిత దేనిని తలచుకుని నవ్వాడు, ఆ నవ్వులో ఎవరి మాట వినబడలేదు అనే పరిశీలన కూడా వాటికి తోడు కావలసి ఉంది.