దత్తుడా? పెంపుడు కొడుకా?

అబిడ్సు కాలిబాటపై ఆదివారము పరచు పాత పుస్తకములలో, మేరియో పూజో 1969లో వెలువరించిన ‘గాడ్‌ఫాదర్’ నవల మాకు లభించినది. నాంపల్లిలో మిత్రులొకరితో దానిని గూర్చి ప్రసంగింపగా, వారు టామ్ హేగెన్‌ను డాన్ కార్లియోన్ దత్తపుత్రుడనిరి. ఆ మాట సరికాదని మా అభిప్రాయము.

హేగెన్ జర్మన్-ఐరిష్ సంతతివాడు, దిక్కులేని బాలుడు. న్యూయార్కునకు వలసవచ్చి ముఠానాయకుడైన సిసిలీయుడు డాన్ అతనిని ఇంట నుంచుకొని న్యాయశాస్త్రము చదివించెను. కాని చట్టరీత్యా దత్తత గైకొనలేదు. ఇంటిపేరు మార్చుట కన్నవారికి అగౌరవమని ఆయన భావము. మన సంప్రదాయమున దత్తునకు ఇంటిపేరు, గోత్రము మారును. పెంపుడు కొడుకునకు మారవు. కావున హేగెన్ పెంపుడు కొడుకే.

ఈ పాత్రయందలి విషాదమంతయు ఈ భేదముననే కలదు. డాన్ చూపిన గౌరవమే హేగెన్‌ను గడప కావల నిలిపినది. అతడు ప్రధాన సలహాదారు కాగా, తక్కిన ముఠాలవారు కార్లియోన్‌లను ‘ఐరిష్ ముఠా’ యని ఎగతాళి చేసిరి. పోరు సమీపించినపుడు, దానికి తగడని మైకేల్ అతనిని తప్పించెను. తెలుగున ‘దత్తపుత్రుడు’ అని వ్రాసినచో ఈ వేదన మరుగుపడును.

కర్ణుడు పెంచిన తల్లి పేర రాధేయుడైనాడు. హేగెన్‌కు ఆ భాగ్యమును లేదు.